మన బొమ్మ కావాలి గానీ మన పేరు అక్కర్లేదా?



పోస్టు పెద్దదే. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. తప్పనిపిస్తే కింద గట్టిగా అడగండి, జవాబు చెప్తాను. ఊరికే లైకు కొట్టి వెళ్లిపోవద్దు.

రెండు వారాలుగా మన గ్రూపులో ఒక ఫోటో తిరుగుతోంది. విశాఖలో ఒక గోడ మీద థింసా ఆడుతున్న ఆడవాళ్ల బొమ్మ. దాని కింద "మన సంస్కృతికి దక్కిన గౌరవం", "గర్వంగా ఉంది", "నగరం మనల్ని గుర్తించింది" అని కామెంట్లు. ఆ వెనకే ఇంకో మెసేజ్ వచ్చింది. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి ఒక కాలేజీ వాళ్లు ప్రహరీ గోడకు బొమ్మలు వేయిస్తున్నారట. చూసి వేసుకోవడానికి ఫోటోలు కావాలట. హాస్టల్ పిల్లలు "గిరిజన వేషధారణలో" వచ్చి నిలబడాలట. ఈకలు, ఆకులు వాళ్లే తెచ్చిస్తారట. టిఫిన్ కూడా పెడతారట. ఇప్పటికే పదిమంది పేర్లు ఇచ్చేశారు.

నేను చెప్పదల్చుకుంది సూటిగా చెప్పేస్తా. ఆ ఫోటోలో గర్వపడాల్సింది ఏమీ లేదు. ఆ వేషానికి ఇచ్చిన పేర్లు వెనక్కి తీసుకోవాలి. ఎందుకో కింద రాస్తున్నాను.

నేను సీతంపేట కొండల వైపు సవర కుర్రోణ్ని. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ని. డిగ్రీ రెండో సంవత్సరం. చిత్రకళ గురించి నేనేమీ చదువుకోలేదు. కానీ ఫోటో చూసి మాట్లాడటం లేదు, గోడలు కళ్లారా చూసొచ్చి మాట్లాడుతున్నా. పోయిన ఆదివారం నేనూ మా రూమ్మేటూ దాని కోసమే బయల్దేరాం. వాడు ముంచంగిపుట్టు వైపు గదబ. హాస్టల్లో ఆదివారం కోడికూర వదులుకుని వెళ్లామంటే ఎంత పట్టుదలో మీకే అర్థమవుతుంది. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర దిగి, బీచ్ రోడ్డు, సిరిపురం, మద్దిలపాలెం, చాలా దూరం నడిచే తిరిగాం.

విశాఖ గోడలకు ఊరికే రంగులు పడవు. 2016లో అంతర్జాతీయ నౌకా సమీక్ష జరిగింది. 2023 మార్చిలో జీ-20 సమావేశం జరిగింది. పైదేశాల వాళ్లు వస్తున్నారంటే ముందు రోడ్లు ఊడుస్తారు, తర్వాత గోడలకు బొమ్మలు వేస్తారు. ఓడలు, చేపలు, తాబేళ్లు, యోగాసనాలు, వాటితో పాటు మనం. చేపల పక్కన మనం ఎందుకున్నామో ఆలోచించండి. వచ్చినవాళ్లకు ఈ ప్రాంతంలో చూడదగ్గవి ఏమున్నాయో చెప్పే వరసలో మనల్ని కూడా కలిపారు.

థింసా బొమ్మ దగ్గర మావాడు చాలాసేపు నిలబడ్డాడు. వరసగా ఆడవాళ్లు, ఒకరి నడుం వెనక ఒకరి చెయ్యి. అందరికీ ఒకే ముఖం. అందరికీ ఒకే ఎర్ర అంచు తెల్లచీర. వాడన్నాడు: "మా నానమ్మ కాలంలో కెరాంగు గుడ్డ కట్టేవారురా. నారతో వాళ్లే నేసుకునేవారు, చారలు చారలుగా ఉండేది. ఇందులో గదబ ఎవరు? పోర్జ ఎవరు? కొండదొర ఎవరు?" ఎవరూ లేరు. చుట్టూ వెతికాం. ఆ బొమ్మ కింద "గిరిజన నృత్యం" అని రెండే మాటలు.

థింసా అంటే ఒకటే ఆట కాదని మీలో చాలామందికి తెలుసు. పులి వస్తే తప్పించుకోవడం చూపించే భాగ్ థింసా వేరు. ఆకులేరుకోవడం చూపించే పొతర్ తోల వేరు. తుడుము, డప్పు, మోరి, కిరిడి లేకుండా అడుగే పడదు. మరి గోడ మీద వాద్యగాళ్లే లేరు. ఆడవాళ్లు మాత్రమే, అదీ నవ్వుతూ. ఎవరైనా ఫోన్ పెట్టి ఒక్కసారి అరకులో ఒక ముసలమ్మనో, పాడేరులో ఒక వాద్యగాణ్నో అడిగితే చెప్పేవారు. అడగలేదు.

అక్కణ్నుంచి ఇంకో గోడ దగ్గరికి వెళ్లాం. ఎర్రరంగు మీద తెల్లటి మనుషులు. ఒంటికి రెండు త్రిభుజాలు, తలకి ఒక చుక్క, పుల్లల్లాంటి కాళ్లూ చేతులూ. గుండ్రంగా తిరుగుతూ ఆడుతున్నారు. పైన పెద్ద అక్షరాలతో "మన గిరిజన కళ" అని రాసి ఉంది.

మిత్రులారా, అది వార్లీ. మహారాష్ట్రలో పాల్ఘర్ వైపు, గుజరాత్ సరిహద్దులో ఉండే వార్లీ ఆదివాసీలది. అక్కడ పెళ్లి ఇంట్లో ఆడవాళ్లు బియ్యప్పిండితో గోడ మీద వేసేవారు. దాన్ని గోడ మీంచి కాగితం మీదికి తెచ్చి ప్రపంచానికి చూపించినవాడు జివ్యా సోమా మశే. 2011లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు, 2018లో చనిపోయారు. గొప్ప కళ. వాళ్ల కళ. మన కొండల గోడల మీద ఏనాడూ లేని కళ. ఏ ఊళ్లో చూసినా రైల్వే స్టేషన్ గోడ మీద, హోటల్ గోడ మీద, కుర్తీల మీద, టీ కప్పుల మీద అదే కనబడుతుంది. "గిరిజన కళ" అని వెతికితే ముందు వచ్చేదీ, గీయడానికి తేలిగ్గా కనబడేదీ అదే కాబట్టి. దీనివల్ల రెండు చోట్ల అన్యాయం. వార్లీ వాళ్ల సొత్తు పేరు చెప్పకుండా వాడుకుంటున్నారు. మన గోడ మీద మన కళకు చోటు లేకుండా పోయింది.

మనది అంటూ ఏముంది అని అడుగుతారేమో. మాది చెప్తాను. సవర ఇళ్లలో ఎవరికైనా జబ్బు చేస్తే, పంట చేతికొస్తే, పోయిన పెద్దల్ని తలుచుకోవాల్సి వస్తే ఇంటి లోపలి గోడ మీద బొమ్మ వేసేవారు. ఎర్రమట్టి అలికిన గోడ, నూరిన బియ్యప్పిండి, ఒక పుల్ల. ముందు చుట్టూ గీతలు గీసి ఒక ఇల్లు కడతారు. ఆ ఇంట్లోకి పెద్దలు, దేవతలు వచ్చి ఉంటారు. ఏనుగులు, గుర్రాలు, చెట్లు, కోతులు, ఆడేవాళ్లు, మోసేవాళ్లు. వెరియర్ ఎల్విన్ అనే ఆయన సవర కొండల్లో తిరిగి వీటి గురించి వివరంగా రాశాడు. 1955లో పుస్తకం వచ్చింది. ఆ కాలానికే మావాళ్ల బొమ్మల్లో సైకిలు ఉంది, రైలు ఉంది, విమానం కూడా ఉంది. కొండ మీద కూర్చున్న మా తాతలు విమానాన్ని చూసి గోడ మీద వేశారు. ఇవాళ విమానాశ్రయం ఉన్న నగరం మాత్రం మనల్ని చూసి ఈక పెడుతోంది, ఆకు కడుతోంది. కాలంతో పాటు నడవనిది ఎవరు?

ఇంకో మాట కూడా చెప్పాలి. మా బొమ్మ అలంకారం కోసం వేసేది కాదు, మొక్కు. ఇప్పుడు చాలా ఇళ్లలో వేయడం లేదు. కాలనీ ఇళ్లొచ్చాయి, సిమెంటు గోడలొచ్చాయి, చాలామంది చర్చికి వెళ్తున్నారు. వేసేవాళ్లు తగ్గిపోయారు. ఆ బొమ్మని రోడ్డు పక్క గోడ మీద వెయ్యొచ్చా, వెయ్యకూడదా అన్నది మిగిలిన ఆ పెద్దలు చెప్పాల్సిన మాట. కొన్ని వెయ్యొచ్చు అంటారేమో, కొన్ని వద్దంటారేమో. అడిగితేనే కదా తెలిసేది. "మీ కళకి ప్రచారం ఇస్తున్నాం" అనేవాళ్లు ఈ ప్రశ్న ఒక్కసారైనా వేశారా?

మద్దిలపాలెం వైపు ఒక గోడకు రంగులు వేస్తున్న పెయింటర్ కనబడ్డాడు. నలభై దాటి ఉంటాయి. గోడకు ప్రైమర్ కొట్టి, సుద్దతో గళ్లు గీసి, ఫోన్‌లో ఉన్న చిన్న బొమ్మని గడి గడి చొప్పున పెద్దది చేస్తున్నాడు.

"ఎవరి బొమ్మ అన్నా ఇది?" అని అడిగాను.

"ఏమో తమ్ముడూ. వాట్సాప్‌లో పంపారు. ఇలగే వెయ్యమన్నారు."

"కింద మీ పేరు వేసుకుంటారా?"

నవ్వాడు. "మా పేరెవడు వెయ్యనిస్తాడు? చదరపు అడుగు లెక్క. అడుగులు లెక్కపెట్టి డబ్బులిస్తారు, పేర్లు లెక్కపెట్టరు."

ఒకప్పుడు సినిమా బ్యానర్లు రాసేవాడట. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయిందట. మావాడు వాళ్ల నానమ్మ గుడ్డ గురించి, చారల గురించి చెప్తే ఆయన బ్రష్ పక్కన పెట్టి విన్నాడు. "ఇదేదో ముందు చెప్తే అలగే వేద్దును కదా. నాకు చెప్పేవాళ్లెవరు?" అన్నాడు.

అందుకే చెప్తున్నా, నా గొడవ ఆయనతో కాదు. ఎండలో నిచ్చెన ఎక్కి నిలబడ్డ ఆ మనిషికీ మనకీ పెద్ద తేడా లేదు. ఆయన చెయ్యి వాడుకున్నారు, పేరు వదిలేశారు. మన రూపం వాడుకున్నారు, పేరు వదిలేశారు. నా గొడవ ఫోన్‌లో బొమ్మ పంపినవాళ్లతో. బిల్లు పాసు చేసేటప్పుడు అడుగులు కొలిచి, ఇది ఎవరి బొమ్మ అని ఒక్కసారి కూడా అడగనివాళ్లతో. దాన్ని గౌరవం అనుకుని పంచుకుంటున్న మన అలవాటుతో కూడా.

ఇప్పుడు మన గ్రూపులోనే వచ్చే మాటలకు జవాబు చెప్తాను.

మొదటిది: "కనీసం వేశారు కదా, అసలు వెయ్యకపోతే ఏం చేసేవాళ్లం?" మీ తాత ఫోటో ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు వాళ్ల హాల్లో గోడకు తగిలించారనుకోండి. ఇదెవరండీ అని వచ్చినవాళ్లు అడిగితే "ఎవరో ముసలాయన, చూడ్డానికి బాగుందని పెట్టాం" అన్నారనుకోండి. మీకు గర్వంగా ఉంటుందా? పేరు అడగరా? మన తాత విషయంలో అడిగేది మన తెగ విషయంలో ఎందుకు అడగం?

రెండోది: "మనకి ఇంతకన్నా పెద్ద సమస్యలు లేవా? జీవో 3 పోయింది, డోలీ మోతలు ఆగలేదు, పట్టాల గొడవలున్నాయి, నువ్వు బొమ్మల గురించి రాస్తావేంటి?" ఈ ప్రశ్న న్యాయమైనదే. కానీ రెండూ వేరు వేరు అనుకోకండి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు జీవో 3 కొట్టేసింది. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ మనవాళ్లకే అన్న హక్కు ఆ రోజుతో పోయింది. నగరంలో ఎంతమందికి తెలుసు? ఎంతమందికి బాధ కలిగింది? గోడ మీద ఎప్పుడు చూసినా మనం ఆడుతూనే ఉంటాం. ఎప్పుడూ ఆడుతూ పాడుతూ ఉండేవాళ్లకు ఉద్యోగం ఎందుకు, భూమి చట్టం ఎందుకు, ఆసుపత్రి ఎందుకు అనిపిస్తుంది చూసేవాడికి. 1/70 చట్టం బోర్డు ఒక గోడ మీద ఉందా? నిండు చూలాలిని డోలీలో మోస్తున్న నలుగురి బొమ్మ ఒక గోడ మీద ఉందా? బడిలో పాఠం చెప్తున్న ఆదివాసీ టీచరమ్మ, సూదిమందు ఇస్తున్న ఆదివాసీ నర్సు ఎక్కడైనా ఉన్నారా? మేం తిరిగిన గోడల మీద లేరు.

మావాడూ నేనూ బయట గది తీసుకుందామని మొన్న జూన్‌లో తిరిగాం. ఒక ఇంటి ఓనరు ముందు బాగానే మాట్లాడాడు. ఊరు అడిగాడు, చెప్పాం. "మీరేవుళ్లు?" అని అడిగాడు, చెప్పాం. గది ఖాళీ లేదన్నాడు. గేటుకు టులెట్ బోర్డు వేలాడుతూనే ఉంది. ఆ వీధి చివర గోడ మీద కూడా థింసా బొమ్మ ఉంది. మన బొమ్మకు ఆ వీధిలో చోటుంది, అద్దె కూడా అడగరు. మనకే చోటు లేదు. బొమ్మను చూసి మనిషిని గౌరవిస్తారని నమ్మేవాళ్లు ఈ సంగతికి నాకు సమాధానం చెప్పండి.

మూడోది: "బయటవాళ్లు మన బొమ్మ వేయకూడదంటావా?" అలా ఎవరన్నారు? గిడుగు రామమూర్తి గారు సవర కాదు. పర్లాకిమిడిలో పంతులు. సవర మాట్లాడేవాళ్లను ఇంట్లో పెట్టుకుని భాష నేర్చుకున్నారు. కొండలు ఎక్కారు, మన్యం జ్వరం తెచ్చుకున్నారు, దానికి మింగిన క్వినైన్‌తో వినికిడి పోగొట్టుకున్నారు. సవర పిల్లలకు వాళ్ల భాషలో చదువు చెప్పడానికి బడులు పెట్టారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు ఇచ్చారు. మా ఊళ్లో ఆయన పేరు చెబితే ఇప్పటికీ పెద్దలు మంచిమాటే అంటారు. బయటవాడు అయితే మాకు అభ్యంతరం లేదు. ముందు మా దగ్గర కూర్చోవాలి, అడగాలి, నేర్చుకోవాలి, మా పేరుతో చెప్పాలి. ఆయన చెవులు పోగొట్టుకుని నేర్చుకున్నాడు. వీళ్లు ఒక ఫోన్ కాల్ చెయ్యలేరా?

అలా ఎక్కడైనా జరిగిందా అంటే జరిగింది. మధ్యప్రదేశ్‌లో భూరీ బాయి అనే భిల్లు ఆవిడ భోపాల్‌లో భారత్ భవన్ కడుతున్నప్పుడు అక్కడికి కూలికి వెళ్లింది. జె. స్వామినాథన్ అనే చిత్రకారుడు ఆవిణ్ని మీ ఊళ్లో ఎలా వేస్తారో వేసి చూపించమన్నాడు. గోడ కట్టడానికి వెళ్లిన మనిషి బొమ్మ వేసే మనిషి అయింది. 2021లో పద్మశ్రీ వచ్చింది. పటన్‌గఢ్ గోండు కుర్రాడు భజ్జూ శ్యామ్ భోపాల్‌లో రాత్రి కాపలా పని కూడా చేశాడు. లండన్‌లో ఒక హోటల్ గోడలకు బొమ్మలు వెయ్యడానికి పిలిస్తే వెళ్లాడు. తిరిగొచ్చి, తను చూసిన లండన్‌నే గోండు బొమ్మల్లో వేసి పుస్తకం చేశాడు. వాళ్లు మనల్ని చూసి వేసే రోజుల్లో ఇతను వాళ్లని చూసి వేశాడు. బెంగళూరులో 2016లో మొదలైన ఆరవాణి ఆర్ట్ ప్రాజెక్టులో ట్రాన్స్‌జెండర్ అక్కలే నిచ్చెనలెక్కి నగరం గోడల మీద తమ ముఖాలు తామే వేసుకుంటున్నారు. ఎవరో వచ్చి వాళ్లకి వేషం కట్టి నిలబెట్టలేదు.

పేరు ఒక్కటి వస్తే చాలదు, అదీ చెప్పాలి. భజ్జూకి దారి చూపిన జంగఢ్ సింగ్ శ్యామ్‌కి దేశమంతా పేరొచ్చింది. భోపాల్‌లో పెద్ద పెద్ద గోడలు వేశాడు. చివరికి 2001లో జపాన్‌లో ఒక మ్యూజియం కోసం పని చేస్తూ, ఇంటికి దూరంగా, అక్కడే ప్రాణం తీసుకున్నాడు. ఆయన బొమ్మలకు ఉన్న విలువ ఆ మనిషికి ఉందా అని అప్పట్లో చాలామంది అడిగారు. అందుకే పేరుతో పాటు కూలి ఎంత, ఒప్పందం ఏంటి, వద్దంటే తిరిగొచ్చే దారి ఉందా అన్నది కూడా మనం అడగాలి.

ఇప్పుడు మన ముందున్న పని. ఆగస్టు 9 దగ్గర పడుతోంది. ఆ కాలేజీ గోడకు మన పిల్లలు పదిమంది ఈకలు పెట్టుకుని నిలబడితే ఆ ఫోటో అక్కడితో ఆగదు. వచ్చే ఏడాది ఇంకో గోడ, ఆ పై ఏడాది ఇంకో ఊళ్లో గోడ, అదే ఫోటో చూసి వేస్తారు. మన పెద్దల్ని అడగకుండా పెట్టిన ఈక మన పిల్లల తల మీద శాశ్వతంగా ఉండిపోతుంది. తర్వాత మన చెల్లెళ్లు "నువ్వు గిరిజనురాలివైతే ఈకలు పెట్టుకోవా?" అని క్లాసులో అడిగించుకుంటారు. ఆ మాట పడేది ఫోటో తీసినవాడు కాదు.

పేర్లు ఇచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేను చెప్పేది: మీ మీద కోపం లేదు. వార్డెన్ చెప్తే కాదనడం కష్టమని నాకూ తెలుసు. కానీ ఒక్కరు వద్దంటే మొండితనం అంటారు, పదిమందీ కలిసి వద్దంటే వింటారు. ఊరికే వద్దని కూర్చోవద్దు. దానికి బదులు ఏం కావాలో మనమే రాసిద్దాం. నేను అనుకున్నవి ఇవి.

ఒకటి, బొమ్మ ఏ తెగదో ఆ తెగ పేరు గోడ మీద తెలుగులో స్పష్టంగా రాయాలి. "గిరిజన నృత్యం", "గిరిజన కళ" అని గంపగుత్తగా రాయకూడదు. వార్లీ వేస్తే వార్లీ అని, మహారాష్ట్ర అని రాయాలి.

రెండు, గీసే ముందు ఆ తెగ పెద్దల్ని, అందులోనూ ఆడవాళ్లని అడగాలి. ఏది వెయ్యొచ్చు, ఏది వద్దు అన్నది వాళ్ల మాటే చివరిది.

మూడు, మన హాస్టళ్లలో బొమ్మలు వేసే పిల్లలున్నారు. రికార్డుల్లో కప్ప బొమ్మలు అందరికీ వేసిపెట్టేది వాళ్లేగా! వాళ్లని వేషం కట్టి నిలబెట్టే బదులు చేతికి బ్రష్ ఇవ్వాలి. పెయింటర్ అన్న పక్కన నిలబెట్టి పని నేర్పించాలి. ఇద్దరికీ కూలి ఇవ్వాలి. కింద ఇద్దరి పేర్లూ ఉండాలి.

నాలుగు, ఆ గోడలో సగం ఇవాళ్టి మనిషికి ఇవ్వాలి. పుస్తకం పట్టుకున్న అమ్మాయి, సంతలో అనాస పళ్లు అమ్మే అమ్మ, గ్రామసభలో చెయ్యెత్తిన పెద్దాయన. విమానం కూడా వేద్దాం, మా తాతలు వేసిందే కదా.

వీటికి ఒప్పుకుంటే వెళ్దాం, మనమే దగ్గరుండి వేయిద్దాం. ఒప్పుకోకపోతే ఆ గోడకు సున్నం కొట్టి వదిలేయమందాం. తెల్లగోడ మన గురించి అబద్ధం చెప్పదు.

ఉత్తరం నేను రాస్తాను. గదబ, పోర్జ, బగత, కొండదొర, కోయ, జాతాపు, సవర, ఎవరి తెగ నుంచి వాళ్లు ఒక్కో మాట చేర్చండి. మీ ఇంట్లో పెద్దవాళ్లకి ఫోన్ చేసి, మన గోడ మీద ఏం వేసేవారు, ఏ మట్టితో, ఎప్పుడు, ఎందుకు అని అడిగి కామెంట్లో రాయండి. శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక మెస్ బయట కూర్చుందాం. ఆ పదిమంది తప్పకుండా రండి. శనివారం పొద్దున అందరం కలిసి ఇచ్చొద్దాం.

జోహార్.